బ్లేడు భక్తులూ, కంకర దారీ

కంకర దారిలో నాలుగు సరుకులుంటాయి: పగలగొట్టిన రాయి, రాళ్ల సందుల్లో ఇసుక, వాటిని పట్టి ఉంచే కాస్త బంకమన్ను, ఈ మూడింటినీ విడదీయడానికి ఏడాది పొడవునా శ్రమించే నీరు. అమెరికా పల్లెల్లో పెద్దరోడ్డు నుంచి ఇంటి గుమ్మం దాకా సాగే సొంత దారులు చాలావరకు ఇలాంటివే. పొడవు వంద అడుగులు ఉండొచ్చు, అర మైలు ఉండొచ్చు, మంచిచెడ్డలు మాత్రం ఇంటి యజమానివే. రోడ్డును చదును చేసే కౌంటీ గ్రేడరు యంత్రం పెద్దరోడ్డు మీదే వచ్చిపోతుంది, లోపలికి తొంగిచూడదు. అది రాని చోట బ్లేడు భక్తి మొదలవుతుంది. ఈ భక్తికి మూలసూత్రం ఒక్కటే: దారి పాడైందంటే, ట్రాక్టరు వెనక తగిలించాల్సిన సరైన పరికరాన్ని యజమాని ఇంకా కొనలేదన్నమాట.

ఏ దేవతకైనా వాహనం ఉండాలి. ఇక్కడ వాహనం 20 నుంచి 40 హార్స్‌పవర్ల చిన్న ట్రాక్టరు. దానికి తెలుగు నేలతో చుట్టరికం కూడా ఉంది. మహీంద్రా ఓజా శ్రేణి చిన్న ట్రాక్టర్లు జహీరాబాద్ కర్మాగారంలో తయారవుతాయి, అమెరికాలోనూ అమ్ముడవుతాయి. పరికరాన్ని ట్రాక్టరుకు కలిపే త్రీ పాయింట్ లింకేజీ హ్యారీ ఫెర్గూసన్ సృష్టి. 1939లో ఫోర్డ్ 9ఎన్ ట్రాక్టరుతో అది అమెరికా పొలాల్లోకి దిగింది. ఆ అమరిక ప్రధానంగా నాగలి కోసం పుట్టింది. నాగలి నేలలోకి దిగితే చాలు, బ్లేడు మాత్రం నేల మీద నిలకడగా నడవాలి. ఈ చిన్న తేడా చుట్టూనే తర్వాతి కొనుగోళ్లన్నీ తిరుగుతాయి.

మొదటి కొనుగోలు రియర్ బ్లేడు. ఒక కమ్మీ, దాని కింద ఒక ఉక్కు పట్టీ, ధర తక్కువ. పొడవాటి రోడ్డు గ్రేడరులో బ్లేడు ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య ఉంటుంది కాబట్టి ముందు చక్రం గుంటలో పడ్డా ఆ కుదుపు బ్లేడు దాకా పూర్తిగా చేరదు. ట్రాక్టరు బ్లేడు వెనక చక్రాలకు కూడా వెనకాల వేలాడుతుంది. ముందు చక్రం దిగితే అది లేస్తుంది, ముందు చక్రం లేస్తే అది దిగి తవ్వుతుంది. ఉయ్యాల బల్లకు ఆ చివర కూర్చున్న పిల్లవాడికి ఇంతకన్నా స్వేచ్ఛ ఉండదు. ఫలితంగా పాత గుంటలు పాతచోటనే ఉండగా, వాటికి తోడు కొత్త మిట్టలు పుడతాయి. నిజానికి రియర్ బ్లేడుకు సొంత విద్యలున్నాయి. దాన్ని ఏటవాలుగా తిప్పవచ్చు, ఒక పక్కకు జరపవచ్చు, ఒక కొస దించవచ్చు. అంచుల్లోకి జారిన కంకరను నడిమికి లాగడానికీ, పక్క కాలువ తీయడానికీ దాన్ని మించినది లేదు. భక్తుడు దాన్ని నేరుగా అడ్డంగా బిగించి, ఆ విద్యల్లో ఒక్కటీ వాడకుండా నాలుగు వారాలు ఈడ్చి, ఇది పనికిరాని సరుకని తేలుస్తాడు. ఆడలేక మద్దెల ఓడనే సామెతకు అమెరికాలోనూ చెల్లుబాటు ఉంది.

రెండోది బాక్స్ బ్లేడు. మూడు వైపులా గోడలు, ముందుకొకటి వెనక్కొకటి చూసే కోత పట్టీలు, వాటి ముందు వరసగా ఇనుప పళ్లు. ఇది గట్టిపడిన నేలను చీల్చగలదు, చీల్చిన కంకరను పెట్టెలో మోసుకెళ్లి పల్లంలో వదలగలదు. దీని గుట్టంతా పరికరం పైభాగాన్ని ట్రాక్టరుకు కలిపే మర కడ్డీలో, అంటే టాప్ లింక్‌లో ఉంది. టాప్ లింక్‌ను పొట్టి చేస్తే పెట్టె ముందుకు వంగి, పళ్లూ ముందు పట్టీ కొరుకుతాయి. పొడుగు చేస్తే వెనక పట్టీ నేల మీద ఆని, కంకరను పలచగా పరుస్తూ పోతుంది. రెండు మరచుట్ల తేడాతో పరికరం స్వభావమే మారిపోతుంది. ఆ లింక్‌ను కొన్ననాడు ఎలా బిగించారో అలాగే తుప్పు పట్టనిచ్చే యజమానులే ఎక్కువ. అలా బిగిసిపోయిన పెట్టె ఏటా పైకంకరను గోకి, కిందనున్న మట్టిని పైకి తెస్తుంది. కంకర కోసం కొన్న పరికరంతోనే కంకర మాయమవుతుంది, అసలుకే ఎసరు.

ఇంకో సంగతిని అమ్మకందారులు చిన్న అక్షరాల్లో కూడా రాయరు. చాలా చిన్న ట్రాక్టర్లలో హైడ్రాలిక్ లిఫ్ట్ పైకి ఎత్తుతుందే తప్ప కిందికి నొక్కదు. పళ్లు నేలలో దిగాలంటే పరికరం సొంత బరువే దిక్కు. అందుకే తేలికైన, చవకైన పెట్టె గట్టి నేల మీద గీతలు గీస్తూ పోతుంది. ఆ తర్వాత దాని మీద కాంక్రీటు దిమ్మెలు, పాత ఇనుము, ఒక్కోసారి ఇంట్లో మనిషి కూడా ఎక్కుతారు. కదిలే పరికరం మీద మనిషిని ఎక్కించడం ప్రాణాలతో చెలగాటం. దిమ్మెలు పెట్టడం మాత్రం, మొదట్లో ఆదా చేశామనుకున్న డబ్బును తర్వాత రాళ్ల రూపంలో చెల్లించడం.

మూడో మెట్టు ల్యాండ్ ప్లేన్. రెండు పక్కలా పొడవాటి స్కీ పట్టాలు, వాటి మధ్య నేలకు దాదాపు సమాన ఎత్తులో రెండు బ్లేడులు, వెనక గోడ లేదు. పట్టాలు నేల మీద జారుతూ పోతాయి కాబట్టి ట్రాక్టరు ఊగినా బ్లేడులు అంతగా ఊగవు. మిట్టను గోకి, ఆ కంకరను వెంటనే పల్లంలో వదిలేస్తాయి. అనుభవం లేని చేతిలో కూడా దారి నున్నగా వస్తుంది. భక్తి శిఖరాన్ని అందుకునేది ఇక్కడే, ఎందుకంటే ఈసారి పరికరం నిజంగానే చెప్పిన పని చేస్తుంది. అయితే చెప్పని పని చేయదు. కంకరను దూరం మోయలేదు, కాలువ తీయలేదు, పళ్లు బిగించి ఉంటే తప్ప లోతుగా చీల్చలేదు. తొట్టిలా పల్లపడిన దారి మీద నడిపితే తొట్టిని తొట్టిగానే నున్నగా తయారుచేస్తుంది. ఆ నునుపు వాన పడేదాకా ఉంటుంది.

ఇక లాండ్‌స్కేప్ రేక్, గొలుసు వల, పాత పట్టాల ముక్క, మంచం స్ప్రింగు వంటి ఉపదేవతలు. రేక్ పళ్లు పెద్ద రాళ్లను ఏరి పక్కకు తోస్తాయి. పదేపదే వాడితే రాయీ పొడీ విడిపోయి, పట్టు పోతుంది. గొలుసు వల పైపైన వదులు కంకరను ఈడ్చి గుంటల్లో నింపుతుంది. చూపుకు సొగసే, రెండో వానకు గుంట మళ్లీ నోరు తెరుస్తుంది. పైన పటారం, లోన లొటారం. గుంట మాయం కావాలంటే దాని అడుగు దాకా చుట్టూ ఉన్న నేలను చీల్చి, తడి కంకరతో కలిపి మళ్లీ పరచి అదమాలి. మూడంగుళాల గుంటకు మూడంగుళాల కోత తప్పదు. అరంగుళం గోకి దండం పెడితే గుంటకు దయ కలగదు.

ఎంపికలో నికరమైన కొలతలు రెండే. ఒకటి వెడల్పు: పరికరం కనీసం వెనక టైర్ల బయటి అంచులను దాటాలి, లేకపోతే టైరు గుర్తులు శాశ్వతంగా మిగులుతాయి. రెండోది బరువు: ట్రాక్టరు ఎత్తగలిగినంతలో, చక్రాలు జారకుండా లాగగలిగినంతలో, ఎంత ఎక్కువుంటే అంత మంచిది. రంగు, పేరు, పక్కింటివాడి దగ్గర ఉన్నదానికన్నా అడుగు వెడల్పు ఎక్కువ కావడం అనే మూడు కొలతలు బ్రోషర్లలో ప్రముఖంగా ఉన్నా రోడ్డు వాటిని గుర్తించదు.

ఇంతకూ దారిని పాడుచేసేది పరికరం లేకపోవడం కాదు, నిలిచిన నీరు. నీరు పల్లమెరుగు అన్న మాట తెలుగు పిల్లలకు కూడా తెలుసు. అమెరికా ఫెడరల్ హైవే అడ్మినిస్ట్రేషన్ తోడ్పాటుతో సౌత్ డకోటా స్థానిక రవాణా సహాయ కార్యక్రమం 2000లో తెచ్చిన కంకర రోడ్ల మాన్యువల్ దాన్నే లెక్కగా చెప్పింది. దారి మధ్య నుంచి అంచుకు సుమారు 4 శాతం వాలు ఉండాలి. మూడు మీటర్ల వెడల్పు దారికి నడుమ ఆరు సెంటీమీటర్ల ఎత్తు. దీన్నే మన ఇంజనీర్లు క్యాంబర్ అంటారు. బాక్స్ బ్లేడుతోనైనా, ల్యాండ్ ప్లేన్‌తోనైనా లిఫ్ట్ రాడ్డు పిడి తిప్పి ఒక కొస దించితే అది వస్తుంది. ఎంతమంది భక్తులు ఆ పిడిని తిప్పారో వాన పడ్డ మర్నాడు వాళ్ల దారులను చూస్తే తెలిసిపోతుంది. పైగా ఏళ్ల తరబడి నేరుగా గోకడం వల్ల రెండంచుల్లో చిన్న గట్లు లేస్తాయి. నీరు పక్కకు పోకుండా ఆపడానికి ఇంతకన్నా నమ్మకమైన ఆనకట్ట లేదు. దారి పొలం కన్నా కిందికి దిగి, కారు నడిచే కాలువగా మారుతుంది. అప్పుడు యజమాని ఇంకొంచెం పెద్ద పరికరం కోసం చూస్తాడు.

రెండో కారణం కంకర ఎంపిక. కడిగిన గుండ్రని ఏటి గులకరాళ్లు అందంగా ఉంటాయి, ఒకదాన్నొకటి పట్టుకోవు. పొడి లేకుండా జల్లించిన 57 నంబరు రాయి నీటిని బాగా దించుతుంది, గట్టిపడదు. పై పొరకు కావలసింది పగలగొట్టిన రాయి, దాంతోపాటు 0.075 మిల్లీమీటర్ల జల్లెడలోంచి జారేంత మెత్తని పొడి. సౌత్ డకోటా ప్రమాణంలో ఆ పొడి 4 నుంచి 15 శాతం. పట్టే గుణం లేని కంకరను ఏ బ్లేడూ పట్టించలేదు. వంద మీటర్ల దారికి, మూడు మీటర్ల వెడల్పున, పది సెంటీమీటర్ల మందం పరచాలంటే ముప్పై ఘనపు మీటర్లు, అంటే సుమారు 50 టన్నులు కావాలి. ఈ లెక్క చూశాక పరికరం కొనడమే సులువుగా తోచడం సహజం.

మూడోది వేగం. అడ్డంగా అలలలా లేచే గతుకులకు కారణం కార్ల స్ప్రింగులేనని చాలాకాలం అనుకున్నారు. స్టీఫెన్ మోరిస్, నికొలా టాబెర్లే, జేమ్స్ మెక్‌ఎల్వెయిన్ 2007లో ప్రచురించిన ప్రయోగంలో, గుండ్రని ఇసుక బాటలో స్ప్రింగు లేని చక్రం తిప్పినా ఒక హద్దు వేగం దాటగానే అలలు లేచాయి. 2009 పరిశోధనలో చక్రం బదులు ఏటవాలు పలకను ఈడ్చినా అవే అలలు వచ్చాయి. శనివారం మధ్యాహ్నం భోజనానికి ముందే పని ముగించాలని బ్లేడును పరుగెత్తించేవారి దారి ఎందుకు రేకుల కప్పులా ఉంటుందో దీన్నిబట్టి తెలుస్తుంది. గ్రేడరు నడిపేవాళ్లకు మాన్యువల్ చెప్పే వేగం గంటకు ఐదు నుంచి ఎనిమిది కిలోమీటర్లు, అంటే మనిషి వడిగా నడిచే వేగం.

నాలుగోది తడి. ఎండిన దారిని గోకితే మెత్తని పొడి దుమ్మై పొరుగువారి బట్టల మీదికి చేరుతుంది, మిగిలింది దొర్లే రాయి. వాన వెలిసి, బురద ఆరి, చెమ్మ మిగిలిన రోజే సరైన రోజు. ఈ సంగతి కొత్తది కాదు. మిస్సోరీ రాష్ట్రం మెయిట్‌ల్యాండ్ రైతు డేవిడ్ వార్డ్ కింగ్ 1896లో రెండు మొద్దులను జతచేసి, గుర్రాలతో ఈడ్పించి, తన ఇంటి ముందున్న మట్టి రోడ్డును బాగుచేశాడు. చీల్చిన దుంగ రెండు ముక్కలు, అడ్డ కర్రలు, గొలుసు, అంతే. రహస్యమంతా ప్రతి వాన తర్వాత, తడి ఉండగానే, ఏటవాలుగా, నడిమికి మట్టి చేరేలా ఈడ్వడంలో ఉంది. అమెరికా వ్యవసాయ శాఖ 1908లో 321వ రైతు బులెటిన్‌గా ఆ పద్ధతిని అచ్చు వేసింది. దుంగకు బ్రోషరు లేదు, వాయిదాల పథకం లేదు, అందుకే కాబోలు దానికి భక్తులు మిగల్లేదు.

తెలుగు పల్లెల్లో ఈ శాస్త్రం వేరే రూపంలో ఓడిపోతుంది. తెలంగాణలో మొరం, ఆంధ్రలో గ్రావెల్, పేరేదైనా పద్ధతి చాలాచోట్ల ఒకటే: టిప్పరు కుప్ప పోస్తుంది, ట్రాక్టరుకు బిగించిన డోజరు బ్లేడు దాన్ని ఎండలోనే చదును చేస్తుంది, నీళ్ల ట్యాంకరూ రోలరూ బిల్లులో తప్ప కనపడవు. తొలకరికి మొరం పక్క పొలంలో చేరుతుంది. గ్రావెల్ రోడ్ల కట్టుబడికీ నిర్వహణకూ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2008లోనే ఎస్‌పీ 77 అనే మాన్యువల్ ఇచ్చింది. అక్కడ భక్తి పరికరం మీద, ఇక్కడ ప్రారంభోత్సవం మీద. వాన రెంటినీ సమంగా చూస్తుంది.

సరైన వరస ఇలా ఉంటుంది. ముందు వాన పడుతుండగా గొడుగు వేసుకుని దారి వెంట నడిచి నీరు ఎక్కడ నిలుస్తోందో, ఎటు దాటుతోందో చూడాలి. తర్వాత పక్క కాలువలు తెరవాలి, నీరు అడ్డంగా దాటే చోట తూము వేయాలి, అంచు గట్లు తెగగొట్టి ఆ కంకరను నడిమికి లాగాలి. అప్పుడు గుంటల అడుగు దాకా చీల్చి, చాలని చోట పొడి కలిసిన కంకర పోసి, వాలు కుదిర్చి, చెమ్మ ఉండగానే అదమాలి. రోలరు లేకపోతే నిండు ట్రాక్టరు చక్రాలతోనైనా వరస తప్పకుండా తొక్కించాలి. ఇదంతా అయ్యాకే నెలకో రెండు నెలలకో పైపై గీకుడు.

పరికరం ఎంపిక ఈ వరసలోంచే తేలుతుంది. కంకరను తరలించాల్సినవారికి బాక్స్ బ్లేడు, అంచులూ కాలువలూ సరిచేయాల్సినవారికి రియర్ బ్లేడు, ఒకసారి కుదిరిన దారిని కుదురుగా ఉంచాల్సినవారికి ల్యాండ్ ప్లేన్. మూడూ కొనే స్తోమత లేనివారికి బాక్స్ బ్లేడొక్కటే చాలు, టాప్ లింక్ తిప్పడానికి చెయ్యి ఆడితే. నీరు ఎటు పోవాలో ఇంకా తేల్చుకోనివారికి ఏ పరికరమైనా ఒకటే, అన్నిటికన్నా చవకైనది కొంటే నష్టం తగ్గుతుంది.