సజ్జ లేని కిటికీ మీద ఫిర్యాదు

ఫిర్యాది: మాంచెస్టర్‌కు దక్షిణాన, విక్టోరియా రాణి కాలంలో కట్టిన వరస ఇళ్ళలో ఒకదాని యజమాని, అనగా నేను. ముద్దాయి: ముందుగది కిటికీ. నేరం: తనకు నచ్చిన వానకు మాత్రమే లోపలికి దారి ఇవ్వడం. నిలువుగా కురిసే వాన ఎంత పడినా చుక్క రాదు. నైరుతి గాలి తోడైతే మాత్రం, సన్నటి జల్లుకే కిటికీ లోపలి పలక మీద మడుగు కట్టేస్తుంది.

వాన ఎక్కువని కాదు నా బాధ. హైదరాబాద్‌లోనూ ఇక్కడా ఏడాదికి పడేది 800 మిల్లీమీటర్లకు అటూ ఇటూనే. హైదరాబాద్ ఆ బాకీని చాలావరకు నాలుగు నెలల్లో తీర్చేసి చేతులు దులుపుకుంటుంది. మాంచెస్టర్ పన్నెండు నెలలూ వాయిదాల మీద చెల్లిస్తుంది. వాయిదాకూ వాయిదాకూ మధ్య కొయ్య ఆరే వ్యవధి ఉండదు.

రాజమండ్రి నుంచి మా అమ్మ వీడియోకాల్‌లో ముద్దాయిని ఒక్కసారి చూసి అడిగింది: “కిటికీ మీద సజ్జ ఏదిరా? సజ్జ లేకుండా ఇల్లెవడు కట్టాడ్రా?” ఇంగ్లండు చరిత్ర మొత్తం తిరగేసినా దీనికి తగిన జవాబు దొరకదు. లండన్‌లో నిప్పు భయంతో 1709 నుంచి కిటికీ చట్రాన్ని గోడ ముఖం నుంచి నాలుగంగుళాలు లోపలికి జరిపించారు. 1774లో ఆ చెక్క చట్రాన్ని ఇటుకల వెనక్కి దాచమన్నారు. 1696 నుంచి 1851 దాకా కిటికీలు లెక్కపెట్టి మరీ పన్ను పిండారు. నిప్పు గుర్తొచ్చింది, ఖజానా గుర్తొచ్చింది, నెత్తిన కురిసే వాన ఒక్కటే గుర్తు రాలేదు. ఆ పన్ను తప్పించుకోవడానికి జనం కిటికీలను ఇటుకలతో పూడ్చుకున్నారు. అదింకా అమల్లో ఉంటే నాకూ ఓ గౌరవప్రదమైన సాకు దొరికేది.

మన కిటికీలా రెక్కలు తెరుచుకునే రకం కాదిది. రెండు అద్దాల చట్రాలు ఒకదాని వెనక ఒకటి నిలబడి పైకీ కిందికీ జారతాయి. పక్కనున్న చెక్కగూళ్ళలో, కప్పీల మీదుగా నూలుతాళ్ళకు ఇనుప బరువులు వేలాడుతుంటాయి. అందుకే ఎత్తిన చోట ఆగుతుంది. తెలివైన పని, కాదనను. అయితే జారాలంటే సందుండాలి, సందున్న చోట నీళ్ళూ ఉంటాయి. ఆ సంగతి కట్టిన వడ్రంగికి తెలుసు. నీళ్ళను ఆపడం మీద కంటే, వచ్చిన నీళ్ళను మర్యాదగా బయటికి సాగనంపడం మీదే అతను బుర్ర పెట్టాడు. కింది దిమ్మను బయటికి వాలుగా చెక్కాడు. తెలియనిదల్లా తరవాత వచ్చిన వాళ్ళకే.

నిపుణుల్ని పిలిచాను. గట్టర్లవాడు గట్టరుదే నేరం అన్నాడు. తాపీమేస్త్రీ గోడ కీళ్ళన్నాడు. పెయింటరు లప్పం పగిలిందన్నాడు. చెమ్మ పరిశీలించే పెద్దమనిషి వంటింట్లోకి తొంగి చూసి, సాంబారు గిన్నె మీద మూత పెట్టుకుంటున్నారా అని అడిగాడు. ఆవిరి అద్దానికి పట్టి కారుతోందని ఆయన సిద్ధాంతం. అద్దానికి ఆవిరి పట్టేది చలి ఉదయాల్లో అండీ, గాలివాన రాత్రుల్లో కాదు అన్నాను. ఫీజు మాత్రం పుచ్చుకున్నాడు.

ఇక దర్యాప్తు నేనే చేపట్టాను. పద్ధతి పాతదే. వాన లేని రోజు చూసుకుని, రబ్బరు పైపుతో కిటికీని కింది నుంచి పైకి, కాస్త కాస్తగా తడుపుతూ, ప్రతి చోటా ఆగి చూడాలి. పైనుంచి మొదలెడితే నీళ్ళు అంతటా కారిపోయి ఏ సందు దొంగో తేలదు. లోపల మా ఆవిడ పలక మీద పౌడరు చల్లి, ఫోను లైటుతో కాపలా కూచుంది. ఈ ఊళ్ళో వాన పడని రోజు దొరకడమే గగనం, దొరికిన రోజున నా ఇంటి మీద నేనే వాన కురిపిస్తుంటే వీధిలో వాళ్ళు చూసీ చూడనట్టు వెళ్ళిపోయారు. ఇంగ్లీషు వాళ్ళ మర్యాద అలాంటప్పుడే తెలుస్తుంది.

ఎక్కువసేపు పట్టలేదు. కింది దిమ్మ దగ్గరికి రాగానే “వచ్చింది, వచ్చింది!” అని లోపల్నుంచి కేక.

దిమ్మ అడుగున, అంచుకు కాస్త లోపలగా, పొడుగునా ఒక సన్నటి గాడి ఉంటుంది. నీళ్ళు కొయ్య అడుగును అంటిపెట్టుకుని గోడ వైపు పాకుతూ వస్తాయి. గాడి అంచు దాటలేక అక్కడే చుక్కలై రాలిపోతాయి. ఈ ఇంటికి ఉన్న సజ్జ, గొడుగు అన్నీ అదే. దాన్ని తరతరాల పెయింటర్లు పొర మీద పొర వేసి నున్నగా పూడ్చేశారు. పైగా ఎవరో పుణ్యాత్ముడు దిమ్మకూ దాని కింది రాతికీ మధ్య సందును సిలికాన్‌తో మూసేశాడు. లోపలికి పాకిన నీళ్ళు బయటికి దారి లేక గదిలోకే వచ్చాయి. ఆ సిలికాన్ వెనక కొయ్య వేలితో నొక్కితే దిగబడేంత పుచ్చింది. ఈ దేశంలో వాన చేసిన నష్టం కన్నా సీలెంటు గొట్టం చేసిన నష్టమే ఎక్కువని నా స్థిరాభిప్రాయం.

కిటికీ పీకేసి ప్లాస్టిక్‌ది పెట్టించుకుందామంటే, మా వీధి పరిరక్షణ ప్రాంతం, అనుమతి కావాలి. కారడానికి ఏ అనుమతీ అక్కర్లేదు.

వడ్రంగి వచ్చి సన్నటి ఉలితో గాడిని మళ్ళీ తెరిచాడు. పుచ్చిన మేర కోసేసి కొత్త కొయ్య అతికాడు. సిలికాన్ గీకి, చట్రానికీ ఇటుకకూ మధ్య సందులో ఇసుక, అవిసె నూనె కలిపిన పాతకాలపు ముద్ద కూరాడు. అద్దాలకు సుద్ద, అవిసె నూనెల లప్పం పెట్టాడు. అది పైపొర కట్టేదాకా రంగు ముట్టుకోవద్దన్నాడు. వేసినప్పుడు అద్దం మీదికి రెండు మిల్లీమీటర్లు రానివ్వమన్నాడు, లప్పానికీ అద్దానికీ మధ్య నీళ్ళు దిగకుండా. బిల్లు సంగతి మా ఆవిడకు విడతలవారీగా తెలియజేస్తున్నాను.

తరవాత వచ్చిన నైరుతి గాలివానకు పలక పొడిగానే ఉంది. పక్కింటాయన వచ్చి అంతా శ్రద్ధగా విని, వంగి గాడి కూడా చూసి, తన కిటికీదీ ఇదే జబ్బు అన్నాడు. మరునాడు షాపు నుంచి చంకలో నాలుగు సీలెంటు గొట్టాలు పెట్టుకుని ఉత్సాహంగా తిరిగొచ్చాడు. మా రెండిళ్ళకీ మధ్య గోడ ఒక్కటేనని ఆయనకు నచ్చచెప్పాలా, రాత్రికి రాత్రే ఆ గొట్టాలు మాయం చెయ్యాలా అన్నది మా ఇంట్లో ప్రస్తుతం చర్చలో ఉంది.