సెమీకోలన్ దాటిన పేరు

మూడు రోజులు ఆప్టిమైజర్‌ను అనుమానించాను. తప్పు నాది.

ఎల్‌ఎల్‌వీఎం అనే కంపైలర్ లైబ్రరీల మీద మా జట్టు రాస్తున్న కంపైలర్‌లో ఒక ఫంక్షన్‌కు నకలు తీసి, దానికి కొత్త పేరు పెట్టాలి. పాత పేరు, ఒక చుక్క, ఆపైన ఒక తోక. స్ట్రింగ్‌లను అతకడానికి ఎల్‌ఎల్‌వీఎంలో ట్వైన్ అనే క్లాసు ఉంది. ట్వైన్ అంటే పురికొస. అది అక్షరాలను కాపీ చేయదు, ఎడమ ముక్క ఎక్కడుందో కుడి ముక్క ఎక్కడుందో గుర్తుపెట్టుకుంటుంది, అంతే. అందుకే అంత చవక. మూడు ముక్కలు కలిపితే, మొదటి రెండూ కలిసిన ట్వైన్ ఒకటి మధ్యలో పుడుతుంది. పై ట్వైన్ దాని చిరునామా పట్టుకుని ఉంటుంది. ఆ మధ్యదాని ఆయుష్షు ఆ వరుస చివరి సెమీకోలన్ దాకానే.

ముందు ఖాళీ ట్వైన్ ప్రకటించి, తర్వాత దానికి పేరు అసైన్ చేయబోయాను. కంపైల్ కాలేదు. అసైన్‌మెంట్ ఆపరేటర్‌ను తొలగించారని ఎర్రర్ వచ్చింది. ఎందుకు తొలగించారో హెడర్ ఫైల్లోనే కామెంట్ రాసి ఉంది. నేను తెరవలేదు. ప్రకటించే చోటే విలువ ఇస్తే కంపైల్ అయింది, సంతోషించాను. నన్ను ఆపడానికి కట్టిన గోడను దొడ్డిదారిన దాటానని అప్పుడు తెలియలేదు.

ఆప్టిమైజేషన్ లేని ఓ0తో పేర్లన్నీ సరిగ్గానే వచ్చాయి. ఆప్టిమైజేషన్ ఉన్న ఓ2 పెట్టగానే కొన్ని పేర్లు చెత్తగా మారాయి, ఒక్కోసారి క్రాష్. చనిపోయిన తాత్కాలిక ఆబ్జెక్టు జాగాను స్టాక్‌లో ఇంకోటి వాడుకుంటోందన్న ఆలోచనే రాలేదు. ఆప్టిమైజర్ పాస్‌లు ఒక్కొక్కటీ ఆపుతూ కూర్చున్నాను. ఇన్‌లైనర్‌లో బగ్ ఉందని జట్టుకు చెప్పాను కూడా. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నాలుగో రోజు మా సీనియర్ ఒకావిడ, “అడ్రస్ శానిటైజర్‌తో నడిపి చూశావా?” అన్నారు. చూడలేదు. నడిపితే నిమిషాల్లో తేలిపోయింది: స్టాక్ యూజ్ ఆఫ్టర్ స్కోప్, అంటే ఆయుష్షు తీరిన ఆబ్జెక్టును వాడటం, నేను రాసిన వరుస నంబరుతో సహా.

వెంటనే దిద్దబోయి మళ్ళీ తప్పటడుగు వేశాను. ట్వైన్‌ను స్ట్రింగ్‌గా మార్చి, ఆ ఫలితాన్ని స్ట్రింగ్‌రెఫ్‌లో పట్టుకున్నాను. స్ట్రింగ్‌రెఫ్ కూడా చూపేదే తప్ప దాచేది కాదు. ఆ స్ట్రింగూ సెమీకోలన్ దగ్గరే పోయింది. చివరికి మామూలు ఎస్‌టీడీ స్ట్రింగ్‌లో పెట్టాకే పేరు నిలిచింది.

ట్వైన్‌ను ఫంక్షన్‌కు కాన్‌స్ట్ రిఫరెన్స్‌గా అందించండి, వేరియబుల్‌లో మాత్రం పెట్టకండి. మీ కోడ్‌లో అలాంటి వరుస ఉందేమో, ఈ పూటే వెతికి చూడండి.