గెట్టు సూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం: పాత పట్టిక గెట్లు దెచ్చి కొత్త పట్టికకుఁ బెట్టుము, పంట దేకుము.

పాఠాంతరం: ‘గట్లు’ అని కొన్ని ప్రతులలో. గద్వాల జిల్లాలో గట్టు పేరుతో మండలమే ఉంది గనుక ఆ పాఠానికి అక్కడ పక్షపాతులు ఉంటే ఉండవచ్చు. అర్థభేదం లేదు.

ప్రతిపదార్థం: పాత పట్టిక = ఇదివరకే వరుసలతో నిండి, ముక్కలై, పలు సర్వర్ల మీద సర్దుకున్న టేబుల్ యొక్క; గెట్లు = ఏ ముక్క ఏ కీతో మొదలై ఏ కీకి ముందు ఆగునో తెలుపు హద్దులను; తెచ్చి = కాపీ కొట్టి; కొత్త పట్టికకు = ఇంకా ఒక్క వరుసైనా పడని దానికి; పెట్టుము = పుట్టించేటప్పుడే పెట్టుము (రేపు చూద్దాం అనుట ఆఫీసు ఆచారమే గాని శాస్త్రం కాదు); పంట = డేటాను; తేకుము = దాని జోలికి పోకుము.

తాత్పర్యం: హెచ్‌బేస్ వంటి డేటాబేసులో ఏ హద్దూ చెప్పకుండా టేబుల్ పెడితే అది మామూలుగా ఒకే ముక్కగా (దాని భాషలో రీజియన్‌గా) పుడుతుంది. వచ్చిన ప్రతి వరుసా ఒక్క సర్వర్ నెత్తిన పడుతుంది. తక్కినవి చెట్టుకింద కూర్చుంటాయి. పెరిగి పెరిగి చీలేదాకా ఇదే గతి. దృష్టాంతం ఉమ్మడి పాలమూరు, అంటే పాత మహబూబ్‌నగర్ జిల్లా: 64 మండలాలు, 2011 లెక్కల్లో 40 లక్షల పైచిలుకు జనం, ఒక్కటే కలెక్టరేటు. కర్నూలు కూతవేటు దూరంలో ఉన్నా, అలంపూర్ రైతు అర్జీ పట్టుకుని మహబూబ్‌నగర్ బస్సెక్కాల్సి వచ్చేది.

రెవెన్యూ పట్టికలో కొత్త గెట్లు 2016 అక్టోబర్ 11న పడ్డాయి. పాలమూరు నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల. నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వేరుపడ్డాయి. రవాణా శాఖ వాటినే నకలు తీసుకుంది. ‘పంట దేకుము’కు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు: గద్వాలలో కొత్త బండి నంబరుకు 33 కోడ్ పడింది, అంతకుముందు పాలమూరు కోడ్ 06తో నమోదైన బండి ఆ పలకతోనే జోగులాంబ గుడి ముందు ఆగుతుంది.

అన్ని పట్టికలకూ ఇదే నకలా అని పూర్వపక్షం. కాదు. 2024 మార్చిలో ఉపఎన్నిక జరిగిన మహబూబ్‌నగర్ స్థానిక సంస్థల ఎమ్మెల్సీ స్థానం ఉమ్మడి జిల్లా గెట్ల మీదే ఉంది.

విశేషం: ముక్కలు నాలుగైతే గెట్లు మూడే. మొదటి ముక్కకు మొదలు లేదు, చివరిదానికి తుది లేదు. వేదాంతం కాదు, అక్కడ కీ ఖాళీ. కొత్త శిష్యుడు నాలుగు మొదళ్లనూ ఉన్నవున్నట్టు నకలు తీసి ఆ ఖాళీ కీని కూడా అంటగడతాడు. హెచ్‌బేస్ ఒప్పుకోదు. ఈ శిష్యుడెవరని అడగవద్దు.

శబ్దవిశేషం: మూలంలో లేనిది రాయనన్నాడు మల్లినాథసూరి. ఆయన మెతుకుసీమ మహానుభావుడు, మాకు అంత నిగ్రహం లేదు. కంప్యూటరుకు అక్షరక్రమం అంటే బైట్ల క్రమం. గెట్టురాయి ‘నల్లగొండ’ అనే కీ దగ్గర పాతామనుకోండి. ఆ కీ తర్వాతి ముక్కకే చెందుతుంది. కానీ మనలో సగం మంది రాసేది ‘నల్గొండ’. ‘నల్’ దాకా రెండూ ఒకటే. ఆపైన ఒకదాంట్లో గ, ఇంకోదాంట్లో ల. గ ముందు గనుక నల్గొండ గెట్టుకు అవతల, ముందు ముక్కలో పడుతుంది. క్లాక్‌టవర్ కాడ నిలబడ్డ ఒక్క మనిషికి రెండు సర్వర్లలో కాపురం! మహబూబ్‌నగర్‌ను ప్రేమకొద్దీ పాలమూరు అని నింపేవారి సంగతి చెప్పనక్కర్లేదు. మ, ప ఏనాడూ పక్కపక్క ఇళ్లు కావు. గెట్లు నకలు తీసేముందు రెండు పట్టికల్లో పేరు ఒకే తీరుగా రాస్తున్నారో లేదో చూసుకోవాలని సూత్రకారుడు అనలేదు. అని ఉండాల్సింది.

‘మరల మరల’ అని కూడా అనలేదు. నకలు ఒక్కసారే. తర్వాత పాత పట్టికలో ఇంకో ముక్క చీలినా కొత్తదానికి కబురందదు, ఎవరో ఒకరు వెళ్లి మళ్లీ గీయాలి. నారాయణపేట మహబూబ్‌నగర్ నుంచి విడివడింది 2019 ఫిబ్రవరి 17న. నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల బండ్లకు 31, 32, 33 వరుసగా ఉండగా నారాయణపేట బండికి 38 ఎందుకు పడిందని అడిగేవారికి ఇదే వ్యాఖ్య.