‘నెట్టు వచ్చు పోవు’ – టీకా తాత్పర్యం

ఆ.వె.
నెట్టు వచ్చు పోవు నిలకడ లేకుండ
దీపమెరుపు జూచి తెలియకుండ
ప్లగ్గు పీకి పెట్టి బాగాయె ననువాడు
రేపు పీకు మరల రేయి పగలు

మూలం లేనిదే టీక నిలవదు కనుక ఈ ఆటవెలదిని అల్లుకోవలసి వచ్చింది. ‘నెట్టు’ అంటే నెలనెలా డబ్బు కట్టి ఇంటికి తెప్పించుకునే ఫైబర్ ఇంటర్నెట్. ‘వచ్చు పోవు’ అంటే పూర్తిగా పోదు, పూర్తిగా ఉండదు. పోతే ఫిర్యాదు చేయవచ్చు, ఉంటే వాడుకోవచ్చు, ఈ రెండూ కుదరనివ్వని స్థితి అని భావం. ‘ప్లగ్గు పీకి’ అన్నచోట ‘ఆఫు చేసి’ అని చదివేవారున్నారు. అర్థం చెడదు గాని యతి చెడుతుంది. సూర్యాపేటలోనైనా, కోదాడలోనైనా, మిర్యాలగూడలోనైనా నెట్టు ఆగగానే ఇంట్లో ఎవరో ఒకరి చెయ్యి ప్లగ్గు మీదికి పోతుంది. దాన్ని చికిత్స అనుకుంటారు గాని అది సాక్ష్యాన్ని చెరిపేయడం అన్నదే ఈ పద్యానికి తాత్పర్యం. మెదక్ జిల్లా కొల్చారం వాడని ప్రసిద్ధుడైన మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ మూలంలో లేనిది రాయననీ, అక్కర లేనిది చెప్పననీ మాట ఇచ్చాడు. రౌటర్ ముందు కూర్చున్నవాడు ఆ మాటలో మొదటి సగం పాటించినా చాలు: దోషానికి మూలం ఎక్కడుందో చూశాకే చెయ్యి పెట్టాలి.

రెండో పాదం దగ్గర పదవిభాగంలో పేచీ ఉంది. ‘దీపము ఎరుపు’ అని విడదీసేది ఒక పక్షం, ‘దీప మెరుపు’ అని విడదీసేది మరో పక్షం. రెండూ సాధువులే, కాకపోతే వేర్వేరు రోగాలు. గోడకు బిగించిన పెట్టె మీద ఎల్‌ఓఎస్ అనే దీపం ఎర్రగా వెలిగినా, ఎర్రగా కొట్టుకున్నా, బయటి నుంచి రావలసిన కాంతి అందడం లేదని అర్థం: తీగ తెగింది, లేదా ఎక్కడో నలిగింది, లేదా కనెక్టర్ ఊడింది. పీఓఎన్ అనే పచ్చ దీపం నిలవకుండా మెరుస్తూనే ఉంటే కాంతి జాడ ఉంది గాని, ఆపరేటర్ దగ్గరి యంత్రం ఈ పెట్టెను ఇంకా లోపలికి రానివ్వలేదని అర్థం. ఎరుపు పక్షానికి స్తంభం ఎక్కే మనిషి కావాలి. మెరుపు పక్షానికి చాలావరకు ఆఫీసులో కూర్చున్న మనిషి చాలు. ప్లగ్గు పీకితే రెండు దీపాలూ ఆరిపోతాయి. మళ్లీ పెట్టాక ఎంత ఆరోగ్యవంతమైన పెట్టె అయినా కాసేపు అన్ని దీపాలనూ మెరిపిస్తుంది. అప్పుడు చూసి రోగం చెప్పడం బ్రహ్మ తరం కూడా కాదు.

కాంతి అందడానికీ అందకపోవడానికీ మధ్యనే ‘వచ్చు పోవు’ కాపురం ఉంటుంది. ఇళ్లకు వచ్చే ఫైబర్ ఎక్కువగా జీపాన్ పద్ధతిది. ఆపరేటర్ దగ్గర బయల్దేరిన ఒక్క పోగును దారిలో స్ప్లిట్టర్లు చీల్చుకుంటూ పోతాయి. ఒకే పోగు మీద 32 ఇళ్లు, 64 ఇళ్లు ఉండవచ్చు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద సేద్యం చేసేవారికి ఇది వేరే చెప్పనక్కర లేదు: మేజరు, మైనరు, తూము దాటి చివరి ఆయకట్టుకు ఎంత నీరు చేరుతుందో అదే లెక్క. కాకపోతే ఇక్కడ పై రైతు మడవ మళ్లించుకోలేడు. ప్రతి చీలికా, ప్రతి అతుకూ, ప్రతి మడతా తన వంతు తింటుంది. ఇంటి పెట్టెకు అందే కాంతి సాధారణంగా మైనస్ 8 నుంచి మైనస్ 27 డీబీఎం మధ్య ఉండాలి. మైనస్ 27 అంటే ఒక వాట్‌ను పది లక్షల భాగాలు చేస్తే అందులో రెండు. 3 డీబీ తగ్గితే కాంతి సగమైనట్టు. మైనస్ 20 దగ్గరున్న ఇల్లు చిన్న మడతను ఓర్చుకుంటుంది. మైనస్ 26 దగ్గర వేలాడే ఇల్లు మాత్రం కిటికీ రెక్క కింద తీగ నలిగినా, కోతి పట్టుకుని ఊగినా, కనెక్టర్ మొన మీద దుమ్ము చేరినా గట్టు దాటిపోతుంది. ఆ పోగులో కాంతి నడిచే దారి మందం 9 మైక్రాన్లే మరి. ఆకుపచ్చ కనెక్టర్ మొనను 8 డిగ్రీల వాలుతో చెక్కుతారు, నీలం దానికి ఆ వాలు ఉండదు. చేతికి దొరికింది కదా అని రెండింటినీ జోడిస్తే నష్టం ఖాయం. టీ-ఫైబర్ కోసం మిషన్ భగీరథ కందకాల్లోనే ఫైబర్ గొట్టాలూ వేశారు గాని, తీగ భూమిలో ఎంత భద్రంగా వచ్చినా మన వీధుల్లో చివరి గజాలు స్తంభం నుంచి కిటికీకి వేలాడేవే. బ్రౌజర్‌లో 192.168.1.1 కొడితే చాలా పెట్టెల్లో ఈ డీబీఎం అంకె కనిపిస్తుంది. ప్లగ్గు ఎన్నిసార్లు పీకినా తీగలో పడిన మడత విప్పుకోదు.

తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు తెలుగువాడే. ఆయన తర్కంలో పొగ ఉన్నచోట నిప్పు ఉండటం అన్వయం, నిప్పు లేనిచోట పొగ లేకపోవడం వ్యతిరేకం. ఇక్కడ పెట్టె నుంచి ల్యాప్‌టాప్‌కు ల్యాన్ తీగ కలపడమే ఆ పరీక్ష. తీగకు నెట్టు నిలిచి వైఫైకి మాత్రం తెగుతుంటే దోషం ఇంట్లోనే ఉంది, కేబులాయనను తిట్టి లాభం లేదు. 2.4 గిగాహెర్ట్‌జ్‌లో ఒకదానితో ఒకటి కొట్లాడని చానెళ్లు మూడే, 1, 6, 11. గోడకు గోడ ఆనిన ఇళ్ల రౌటర్లన్నీ వాటి మీదే పడతాయి. 5 గిగాహెర్ట్‌జ్‌కు వేగం ఎక్కువ, గోడ దాటే ఓపిక తక్కువ. ఇక రౌటర్‌ను ఇనుప బీరువా వెనక దాచే ఇళ్లకు ఏ శాస్త్రమూ దారి చూపదు. ఆ తీగ విప్పి, వైఫై మీదనే ల్యాప్‌టాప్‌లో రెండు పింగ్‌లు ఒకేసారి నడిపితే ఇంకా తేటపడుతుంది: ఒకటి ఇంటి రౌటర్‌కు, ఒకటి గూగుల్ వారి 8.8.8.8కు. మొదటిదే తప్పుతుంటే వైఫై. మొదటిది నిలిచి రెండోది తప్పుతుంటే గడప అవతలి దోషం. రెండూ నిలిచి సైట్లు మాత్రం తెరుచుకోకపోతే, సైటు పేరుకు చిరునామా వెతికిపెట్టే డీఎన్‌ఎస్. ఇంత శుభ్రమైన వ్యాప్తి పాపం నైయాయికులకు కూడా దొరికి ఉండదు.

‘పీకి పెడితే బాగవుతోంది కదా, ప్రత్యక్షానికి మించిన ప్రమాణం ఏముంది?’ అన్నది పూర్వపక్షం. ఇందులో కొంత నిజముంది. పెట్టె మళ్లీ లేచేటప్పుడు లాగిన్ కొత్తగా జరుగుతుంది, ఇరుక్కున్న జ్ఞాపకం ఖాళీ అవుతుంది, కొన్ని రౌటర్లు రద్దీ తక్కువ చానెల్ వెతుక్కుంటాయి. కాని వచ్చి పోయే రోగం స్వభావమే తనంతట తాను వచ్చేది. పీకినవాడు కాకతాళీయాన్ని కారణమనుకుంటాడు. పైగా ఆ మూడింటిలో ఏది పనిచేసిందో అతనికే తెలియదు. దీపాలు చూసి, ఫోన్‌తో ఫొటో తీసి, ఆ తరువాత ఒకసారి పీకితే ఈ టీకకు అభ్యంతరం లేదు. ‘డబ్బు కట్టేవాడికి ఇంత తర్కం ఎందుకు, బాగుచేయడం కంపెనీ పని’ అనేవారికి సమాధానం ఫోన్‌లోనే వినిపిస్తుంది. ‘నెట్టు వస్తలేదు’ అంటే అవతలి గొంతు రీస్టార్ట్ చేయమంటుంది. ‘పొద్దున్నుంచి ఎల్‌ఓఎస్ ఎర్రగ ఉంది’ అంటే లైన్‌మ్యాన్ స్ప్లైసింగ్ మిషన్ పట్టుకుని బయల్దేరాలి. ఆయన చేతిలో ఏ సామాను ఉంటుందో మన మొదటి వాక్యమే నిర్ణయిస్తుంది.

ఇంకో పక్షం పెద్ద ప్లాన్‌కు మారమంటుంది. 2023 జనవరిలో కేంద్రం బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి పెట్టిన కనీస వేగం 2 ఎంబీపీఎస్. ఫుల్ హెచ్‌డీ సినిమాకు నెట్‌ఫ్లిక్స్ అడిగేది 5. వందతో తెగేది రెండు వందలతోనూ తెగుతుంది, బిల్లు మాత్రం నిలకడగా వస్తుంది.

‘రేయి పగలు’ పాదపూరణం కాదు, అదొక లక్షణం. దీపాలన్నీ పచ్చగా ఉండి, రోజూ రాత్రి భోజనాల వేళకే పింగ్ అంకె పెరుగుతుంటే ఆపరేటర్ దగ్గర రద్దీ అని అనుమానించాలి. మే నెల మధ్యాహ్నాల్లోనే తెగితే పెట్టె వేడిని ముట్టుకుని చూడాలి. ఫ్యాను ఒక్క క్షణం తడబడినప్పుడల్లా పోతుంటే అడాప్టర్‌కు చిన్న యూపీఎస్ పెట్టుకోవాలి. మన వీధిలో కరెంటు ఉండి, ఆపరేటర్ యంత్రమున్న వీధిలో పోయి అక్కడి బ్యాటరీ అడుగంటినా ఇక్కడ ఎరుపే. అలాంటప్పుడు గోడ మీది నుంచి ‘మీకు వస్తుందా?’ అని పక్కింటివారిని అడగడం అన్ని పరీక్షల్లోకీ చౌక. అది ఉపమాన ప్రమాణం కిందికి వస్తుందా, శబ్ద ప్రమాణం కిందికి వస్తుందా అన్నది పండితులు తేల్చుకోవాలి.