రబ్బరు కత్తి శౌర్యం

ఇక మనకు భయం లేదు. ఏ కాలనీ గేటు మీద చూసినా అదే ఫ్లెక్సీ, ఏ వాట్సాప్ గ్రూపు తెరిచినా అదే పోస్టరు. మొన్న జుంబా, నిన్న చిరుధాన్యాలు, ఇవాళ కత్తి: ఆడవాళ్లకి ఆత్మరక్షణ శిబిరం. శని, ఆదివారాలు వెళ్లొస్తే చాలట; సోమవారం నుంచి మీ మీదికి ఎవడు కత్తి ఎత్తినా అది వాడి చేతిలోంచి జారి మీ చేతికొస్తుందట. ఫీజు 2,999 రూపాయలు. కత్తికి జడవని ఆడవాళ్లు మూడు వేలనేసరికి జడుస్తారని వాళ్ల లెక్క కాబోలు.

మా అమ్మాయి పోరు పడలేక నేనూ చేరాను. పాతికేళ్లుగా కత్తిపీట ముందు కూర్చుని కందగడ్డ దగ్గర్నుంచి కొర్రమీను దాకా కోసినదాన్ని, నాకు కత్తి కొత్తా అనుకుంటూనే వెళ్లాను. కట్టిన డబ్బుకి ఒక తెల్ల టీషర్టు, ఒక రబ్బరు కత్తి, ఒక సర్టిఫికెట్ చేతిలో పెట్టారు. సర్టిఫికెట్ శనివారం పొద్దున్నే, వార్మప్‌కి ముందే ఇచ్చేశారు. "విజయవంతంగా పూర్తి చేసినందుకు" అని ఉంది.

ఆ రబ్బరు కత్తి సంగతి చెప్పకపోతే నాకు అన్నం సయించదు. నీలం రంగు. కొత్త హవాయి చెప్పుల వాసన. నా గాజుకి తగిలితే అదే వంగిపోయింది. దాన్ని పట్టుకుని మాస్టారి అసిస్టెంటు కుర్రాడు, పాత సినిమాలో రౌడీలా చెయ్యి తలమీదికెత్తి, "ఆఁ" అని ముందే హెచ్చరించి, ఒక్క అడుగు వేసి ఆగిపోతాడు. ఆ చెయ్యి అలాగే గాల్లో ఉంటుంది, దండెం మీద ఆరేసిన చొక్కా చెయ్యిలాగ. మాస్టారు తీరిగ్గా మణికట్టు పట్టుకుని, తిప్పి, "గమనించారా మేడం, బొటనవేలు ఇటువైపు" అని వివరించేదాకా హంతకుడు కదలడు. రెండో చెయ్యి ఖాళీగానే ఉంది కదా, దాంతో ఒక్కటిస్తే? ఇవ్వడు. సిలబస్‌లో లేదు.

నా వంతు వచ్చింది. కంగారులో ఖాళీ చెయ్యి పట్టుకున్నాను. ఆ బాబు ఎంత మంచివాడంటే, కత్తిని గబుక్కున నేను పట్టుకున్న చేతిలోకి మార్చి, "ఇప్పుడు తిప్పండి ఆంటీ" అన్నాడు. తిప్పాను. కత్తి పడిపోయింది. అందరూ చప్పట్లు. ఇంత మర్యాదస్తుడు పొడవడానికి మా ఇంటికొస్తే పెనుగులాట ఎందుకు, కాఫీ ఇచ్చి కూర్చోబెడతాను.

మధ్యాహ్నం పులిహోర పొట్లాలు తింటుండగా తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి, పార్సిళ్ల మీద పేర్లు రాసే ఎర్ర మార్కరు తెచ్చి మాస్టారిని అడిగింది: "సార్, ఇది కత్తి అనుకోండి. నాకిష్టం వచ్చినట్టు పొడుస్తా, మీరు ఆపండి." మాస్టారు నవ్వి, అది అడ్వాన్స్‌డ్ లెవెల్ అన్నారు, వచ్చే నెల అన్నారు, ఫీజు వేరే అన్నారు. బుద్ధిలేక నేను లేచాను. పది లెక్కపెట్టేలోగా కుట్టుమిషను సూదిలా చెయ్యి ఆడించేసి ఆ పిల్ల మళ్లీ తన పొట్లం దగ్గర కూర్చుంది. నా టీషర్టు మీద పదిహేడు గీతలు. మెడ మీద ఇంకో రెండు. దాని మణికట్టు నా కంటికి ఆనితే కదా పట్టుకునేది! "ఇది ఇజ్రాయెల్ కమాండో టెక్నిక్ మేడం, మెల్లగా వస్తుంది" అని మాస్టారు ఓదార్చారు.

ఇక నవ్వు చాలు. డెన్నిస్ ట్యూలర్ అనే అమెరికన్ పోలీసు శిక్షకుడు 1983లోనే రాసిపెట్టాడు: కత్తి పట్టినవాడు 21 అడుగుల దూరం నుంచి సుమారు ఒకటిన్నర సెకనులో మీద పడతాడని. నడుముకి తుపాకీ ఉన్న పోలీసుకే చాలీచాలని వ్యవధి అది. పుస్తకాల సంచీ భుజాన వేసుకున్న పదిహేనేళ్ల పిల్లకి రెండు పూటల్లో మణికట్టు తిప్పుడు నేర్పి, ఎదురు నిలబడమని పంపడం మోసం. ప్రాణం మీదికి తెచ్చే మోసం. పరిగెత్తు, కేకలు పెట్టు అని నేర్పాలి. దానికి 2,999 ఎవరిస్తారు?

2021 ఆగస్టు 15న గుంటూరులో పట్టపగలు, నడిరోడ్డు మీద బీటెక్ చదివే అమ్మాయిని ఒకడు కత్తితో పొడిచి చంపాడు. పరిచయస్తుడే. సీసీ కెమెరాలో అంతా ఉంది. ఆ పిల్ల మణికట్టు తిప్పడం రాక చచ్చిపోయిందా? కాదన్న మాట అరగని మగపిల్లలకి ఏ కాలనీలో శిబిరం పెట్టారు? వెంటపడుతున్నాడని చెప్పుకోవడానికి వెళ్తే "పరువు పోతుంది, సర్దుకోండమ్మా" అనేవాళ్లకి ఏ మాస్టారు శిక్షణ ఇస్తున్నారు? ఈ ప్రశ్నలే మా గ్రూపులో పెట్టాను. నెగెటివ్ మనిషినని అడ్మిన్ తీసేశాడు.

ఆదివారం నేను వెళ్లలేదు. టీషర్టు రెండుసార్లు నానబెట్టి బండకేసి బాదాను, పదిహేడు గీతలూ అలాగే ఉన్నాయి. ఆడపిల్లల తల్లులారా, ఫీజు కట్టేముందు మాస్టారిని ఒక్కసారి తెల్లచొక్కా వేసుకుని నిలబడమనండి. మార్కరు నేనిస్తాను.