ఓడిపోయిన మర్నాడు ఏం చేయాలంటే

తమ్ముడూ,

పావగడ నుంచి ఎమ్మెల్యేగా నిలబడాలని ఉందన్నావు. ఒకసారితో సరిపెట్టుకోకుండా నాలుగైదుసార్లు కర్ణాటక విధానసౌధ మెట్లెక్కాలని ఉందన్నావు. మంచి కోరికే. నీ చుట్టూ చేరిన పెద్దలు ఇప్పటికే చెప్పి ఉంటారు: డబ్బు కూడబెట్టు, ప్రతి కూడలిలో ఫ్లెక్సీ కట్టించు, ఎవరేం అడిగినా అయితాదని చెప్పు, బెంగళూరులో ఇల్లు చూసుకో, గెలిచాక మంత్రి పదవికి పట్టుబట్టు. నేను చెప్పబోయేవి వీటికి తలకిందులు. వాళ్లు వింటే నాకు మతి చెడిందంటారు. అననీ. ఇరవై ఏళ్లు అర్జీలు రాసి బతికినవాణ్ని. ఎమ్మెల్యే దాకా పోయి తిరిగొచ్చిన కాగితాన్నీ చూశాను, దారిలోనే ఆగిపోయిన కాగితాన్నీ చూశాను.

గెలవడం సంగతి తర్వాత, ముందు ఓడిపోవడానికి తయారు కా. పావగడ సీటు ఎవరి పేరునా రాసిచ్చిన పొలం కాదు. 2008లో వెంకటరమణప్ప ఇండిపెండెంటుగా గెలిచారు. 2013లో సీటు జేడీఎస్ తిమ్మరాయప్పకు పోయింది. 2018లో మళ్లీ వెంకటరమణప్పే వచ్చారు, ఈసారి కాంగ్రెస్ టికెట్టు మీద. 2023లో ఆయన కొడుకు హెచ్.వి. వెంకటేశ్ గెలిచారు. ఈ నాలుగు ఎన్నికల్లో ఉన్న ఎమ్మెల్యే వరసగా రెండోసారి సభకు పోయిందే లేదు. ఇక్కడ ఎక్కువ కాలం నిలిచినవాడంటే ఎప్పుడూ ఓడనివాడని కాదు, పోయి మళ్లీ వచ్చినవాడని. మల్లికార్జున ఖర్గే గారిలాగా గుర్మిట్కల్‌లో ఎనిమిదిసార్లు, 2008లో చిత్తాపూర్‌లో తొమ్మిదోసారి, అన్నీ వరసగా గెలిచినవాళ్లు లేకపోలేదు. ఆ నేల వేరు. నీ కొలత ఆయనతో పెట్టుకోకు.

పెట్టుకోవాలంటే గుమ్మడి నర్సయ్య గారితో పెట్టుకో. అప్పటి ఖమ్మం జిల్లా ఇల్లెందు నుంచి 1983, 1985, 1989, 1999, 2004ల్లో, మొత్తం ఐదుసార్లు గెలిచారు. ఆ సంవత్సరాల మధ్య 1994 లేదు చూడు, అప్పుడు ఓడారు. ఆర్టీసీ బస్సులో అసెంబ్లీకి పోయినాయన, ఊళ్లకు సైకిలు మీద తిరిగినాయన. పదవి ఉన్నప్పుడు బస్సెక్కినవాడికి పదవి పోయినప్పుడు బస్సెక్కడం కష్టం కాదు. 1994కీ 1999కీ నడుమ ఆయన జనానికి దూరం కాకుండా ఉన్నారంటే, ఆ సైకిలు, ఆ బస్సు దాని వెనక ఉన్నాయని నేను నమ్ముతాను.

ఓడిన మర్నాడు తెల్లారేసరికి ఇంటి ముందు కార్లు ఉండవు, ఫోను మోగదు. అప్పుడు బెంగళూరు బస్సు ఎక్కొద్దు. అర్జీ పట్టుకుని ఒక్కరొచ్చినా వాళ్ల వెంట నువ్వే కచేరీకి పో. గన్‌మ్యాన్ లేకుండా, లెటర్‌హెడ్ లేకుండా, వాళ్లతో పాటు వరసలో నిలబడు. గెలిచినవాడికి ఫైలు టేబుల్ మీదికి వస్తుంది, అది ఎన్ని చేతులు మారిందో అతనికి తెలియదు. ఓడినవాడికి ఆ చేతులన్నీ తెలుస్తాయి. ఆ ఐదేళ్ల చదువు ఏ కాలేజీలోనూ దొరకదు.

ఒక రశీదు సంగతి చెబుతా. ఒకనాటి పొద్దున ఒక ముసలామె నా బల్ల ముందు కూర్చుని కొంగుముడి విప్పింది. అందులో పాల ప్యాకెట్టు కవరు, కవర్లో నాలుగు మడతలు పెట్టిన కాగితం. మడత పడ్డ చోటల్లా అక్షరం అరిగిపోయి తెల్లబడింది. బగర్ హుకుం కింద ఫారం 53 ఇచ్చినందుకు రశీదు. "అయ్యా, ఇది మా ఇంటాయన ఇచ్చిన అర్జీది. ఆయన పోయి ఆరేండ్లాయ. మూడెకరాలు ఇప్పటికీ మేమే దున్నుకుంటా ఉండాము" అంది. సర్వే నంబరు చివరి అంకె ఒకటో ఏడో తెలియలేదు. ఎండలోకి పట్టుకుపోయి చూస్తే ఏడు. ఆ అంకె ఒకటని రాసి ఉంటే ఆమె దున్నే నేల కాగితాల్లో ఇంకొకరిదయ్యేది.

సర్కారు భూమి సాగు చేసుకుంటున్నవాళ్ల పేరు మీదికి ఎక్కించే బగర్ హుకుం కమిటీకి మన రాష్ట్రంలో అధ్యక్షుడు ఎమ్మెల్యేనే. ఫారం 50 వచ్చింది, 53 వచ్చింది, 2018లో 57 వచ్చింది. సభ మారితే కమిటీని మళ్లీ వేయాలి, మళ్లీ కూర్చోవాలి. తాత అర్జీ ఇస్తే మనవడు సాగువళి చీటీ అనే పట్టా కాగితం కోసం తిరిగే ఇళ్లు నాకు తెలుసు. అందుకే, గెలిచిన మొదటి ఏడాది శంకుస్థాపనలు తగ్గించుకుని కమిటీలో కూర్చో. ఒక్కో మీటింగులో వంద అర్జీలు తేల్చామని పేపర్లో వేయించుకోవద్దు. పదే తేల్చు, కానీ సర్వే నంబరూ పహణీ ఎదురెదురు పెట్టుకుని తేల్చు. నీ పార్టీవాడి అర్జీని పైకి లాగొద్దు, తారీఖు వరస తప్పొద్దు. వరస తప్పని ఎమ్మెల్యేని ఆ వరసలో ఉన్నవాళ్లంతా గుర్తు పెట్టుకుంటారు. వాళ్ల వంతు రాకపోయినా సరే.

అయితాదని చెప్పొద్దు. అడిగినవాడి మొహం చూసి కాదనడం కష్టమని తెలుసు. అయినా కానిది కాదని గడపలోనే చెప్పు, ఎందుకు కాదో కూడా చెప్పు. రాయదుర్గం–తుమకూరు రైలు మార్గం సంగతి తీసుకో. 2007–08లో మంజూరయిన లైను. కళ్యాణదుర్గం, పావగడ, మడకశిర, మధుగిరి మీదుగా రావాలి. రెండు రాష్ట్రాల భూమి, రెండు రాష్ట్రాల వాటా, పైన రైల్వేశాఖ. పెళ్లయి బెంగళూరుకు కాపురానికి పోయిన ఆడపిల్ల తన బిడ్డను కాలేజీలో చేర్చే కాలం వచ్చినా ఆ లైను పూర్తి కాలేదు. వచ్చే సంవత్సరమే రైలు అని నువ్వూ ఒక మాట అంటే ఆ మాట నీ పేరుకు అంటుకుంటుంది. ఏ ముక్కలో భూసేకరణ ఆగిందో, ఎవరి సంతకం కావాలో చెప్పు. జనం కోప్పడతారు. పడనీ. తెలిసి కోప్పడినవాడు రేపు నీతో కలిసి అడగడానికి వస్తాడు.

సభలో గట్టిగా అరవమని చెబుతారు, టీవీలో కనిపించమంటారు. నా మాట వేరు. చుక్క గుర్తు ప్రశ్నలకన్నా చుక్క లేని ప్రశ్నలు ఎక్కువ వెయ్యి. చుక్క ఉన్న ప్రశ్నకు మంత్రి లేచి నోటితో జవాబిస్తాడు, ఎదురు ప్రశ్న వెయ్యొచ్చు, గౌరవమే. కానీ టైము చాలకపోతే అది నోటి జవాబు దాకా రాకపోవచ్చు. చుక్క లేనిదానికి జవాబు రాసి ఇవ్వాలి. ఎన్ని ఊళ్ల బోర్లలో ఫ్లోరైడ్ హద్దు దాటింది, ఎన్ని శుద్ధి యంత్రాలు పనిచేస్తున్నాయి, ఎన్ని మూలపడ్డాయి, తుంగభద్ర నీళ్లు పైపుల్లో ఏ ఊరిదాకా వచ్చాయి, అన్నీ అంకెల్లో అడుగు. ఆ కాగితం నీ పదవి పోయినా చెల్లుతుంది. ఐదు రూపాయల బిళ్ళ వేసి బిందె నింపుకునే ఊళ్లో ఆ యంత్రం ఆగితే, ఆ రోజు పసుపుపచ్చ పళ్ల పిల్లలు మళ్లీ బోరు నీళ్లే తాగుతారు. నీ అరుపు ఆ పిల్లలకు అక్కరకు రాదు, అంకె వస్తుంది. ప్రశ్న మాత్రం కన్నడంలో నువ్వే రాయడం నేర్చుకో. ఊళ్లో వినేది తెలుగు, సభలో నడిచేది కన్నడం. నడుమ ఇంకొకరు రాసిపెడితే మనూరి బాధ సగమే చేరుతుంది.

మంత్రి పదవికి పట్టుబట్టకు. ఎవరినీ తప్పుపట్టడానికి చెప్పడం లేదు, జరిగింది చూడు. 2008లో బీజేపీకి 110 సీట్లు వచ్చాయి, మెజారిటీకి మూడు తక్కువయ్యాయి. మద్దతిచ్చిన ఇండిపెండెంట్లలో ఐదుగురు మంత్రులయ్యారు, వారిలో మన వెంకటరమణప్ప ఒకరు. 2010 అక్టోబరులో ఆ ఐదుగురూ మద్దతు వెనక్కి తీసుకుంటే స్పీకర్ బోపయ్య వాళ్ల సభ్యత్వం రద్దు చేశారు. 2011 మేలో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. నడుమ ఏడు నెలలు సభలో పావగడ తరఫున మాట్లాడే మనిషి లేడు. 2018లో వెంకటరమణప్ప కార్మిక మంత్రి అయ్యారు, 2019 జూలైలో ఆ ప్రభుత్వం పడిపోయింది. కుర్చీ ఎంతకాలమో పైవాళ్ల లెక్క మీద ఉంటుంది. తాలూకా అభివృద్ధి పనులు సమీక్షించే కేడీపీ సమావేశంలో నీ కుర్చీ మాత్రం ఎమ్మెల్యేగా ఉన్నన్నాళ్లూ నీదే. అక్కడ కూర్చుని వ్యవసాయ అధికారిని శెనక్కాయల విత్తనం ఎప్పుడు దింపుతారని అడగడం చిన్న పని అనుకోకు. వాన పడ్డాక వచ్చిన విత్తనంతో రైతు ఏం చేస్తాడు?

సోలార్ పార్కు నీ ప్రసంగంలో వాడుకోవద్దు. తిరుమణి, వల్లూరు, బలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు, ఈ ఐదు ఊళ్ల 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్లు. మొదట ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల కౌలు, రెండేళ్లకోసారి ఐదు శాతం పెంపు. భూమి ఉన్నవాడికి కరువులో అది నిజంగా అన్నం పెట్టింది, అందులో అబద్ధం లేదు. కానీ కూలికి పోయేవాళ్లు, గొర్రెలు మేపుకునేవాళ్లు ఏ కౌలు పత్రంలోనూ లేరు. పావగడ ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. మన ఊళ్లలో భూమిలేనివాళ్లు ఎవరో నీకు ఒకరు చెప్పనక్కరలేదు. ఆ ఊళ్లకు పోతే ముందు కౌలు అందుకునేవాళ్ల వాకిట్లో కాకుండా వీళ్ల వాకిట్లో కూర్చో. వీళ్లు దండ వేయరు, టీ కూడా పెట్టలేకపోవచ్చు.

పక్క రాష్ట్రం ఎమ్మెల్యేలతో స్నేహం చెయ్యి. దానికి ఓట్లు రావు, నిజమే. కానీ మూడు పక్కలా ఆంధ్రానే. ఆస్పత్రికి హిందూపురం, సంబంధాలకు మడకశిర, కళ్యాణదుర్గం. నాగలమడకలో సుబ్రహ్మణ్యస్వామి గుడి దాటిన ఉత్తర పినాకిని పేరూరు డ్యాం వైపు పోతుంది. ఆ ఏటి నీళ్లకు, ఈ రైలుకు, అటూ ఇటూ తిరిగే బస్సులకు నువ్వు ఒక్కడివే గట్టిగా పట్టుబట్టి లాభం లేదు. అవతలి గట్టు మీద నీ ఫోను ఎత్తే మనిషి ఉండాలి.

ఇక 2018 లెక్క. తేడా 409 ఓట్లు. గెలిచింది కాంగ్రెస్ మనిషి, ఓడింది జేడీఎస్ మనిషి. నెల తిరక్కముందే ఆ రెండు పార్టీలూ కలిసి ప్రభుత్వం పెట్టాయి. పోలింగ్ రోజు ఒకరి మీదొకరు కారాలు మిరియాలు నూరిన కార్యకర్తలు ఆ తర్వాత ఒకే టెంటు కింద కూర్చున్నారు. కాబట్టి ప్రచారంలో ఎదుటివాడి ఇంటి సంగతి ఎత్తొద్దు, వాళ్ల ఆడవాళ్ల మాట అసలే ఎత్తొద్దు. గెలిస్తే ముందు ఓడినాయన ఇంటికి పో. ఓడితే గెలిచినాయన ఇంటికి పో. రెండు చోట్లా చెయ్యి పట్టుకుని ఒకటే మాట ఎత్తు: బగర్ హుకుం కమిటీ ఎప్పుడు కూర్చోవాలని. ఆ ముసలామె సర్వే నంబరు నేను నీకు విడిగా రాసిస్తాను. చివరి అంకె ఏడు.