సొరుగు వెనక మిగిలిన ఉత్తరం

జార్జి వాషింగ్టన్ తన భార్య మార్తాకు రాసిన ఉత్తరాన్ని నేను. పుట్టింది ఫిలడెల్ఫియాలో, 1775 జూన్ 18న. మూడు రోజుల ముందే కాంగ్రెస్ ఆయన్ని సేనాధిపతిగా ఎన్నుకుంది. ఆ కబురు వింటే ఇంట్లో ఆవిడ ఎంత బెంగపడుతుందోనన్న దిగులుతోనే కలం పట్టారు. ఈ పదవి నేను కోరుకున్నది కాదు, తప్పించుకోవాలనే చూశాను అన్నారు. నీ దగ్గర ఒక్క నెల ఉంటే కలిగే సుఖం పరాయిచోట ఎన్నేళ్లున్నా రాదన్నారు. చలికాలం రాకముందే క్షేమంగా తిరిగొస్తానని ధైర్యం చెప్పారు. చెబుతూనే, పెండిల్టన్ అనే ఆయనచేత రాయించిన తన వీలునామాను నాతోపాటు పంపారు.

అన్నీ రాశాక అడుగున ఇంకో ముక్క చేర్చారు. ఆవిడ ఉత్తరం అప్పుడే అందిందట. రెండు జతలకు మస్లిన్ గుడ్డ తీసుకున్నానని, గజం 20 షిల్లింగులని, నీకు నచ్చితే బాగుండునని! వీలునామా కబురూ గుడ్డ ధరా ఒకే ఉత్తరంలో. కాపురం చేసినవాళ్లకు ఇందులో వింతేమీ కనిపించదు. నాకైతే నా ఒంటిమీద అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే.

చలికాలానికి వస్తానన్న మనిషి యుద్ధం ముగించుకుని ఇల్లు చేరేసరికి 1783 క్రిస్మస్ ముందురోజు అయింది. 1799 డిసెంబరులో ఆయన పోయారు. 1802 మేలో తాను కన్నుమూసేలోపు అమ్మగారు తమ ఉత్తరాలన్నీ నిప్పుకు ఇచ్చేశారు. నలభై ఏళ్ల దాంపత్యంలో మాలాంటివి ఇప్పుడు వేళ్లమీద లెక్కపెట్టేటన్నే. సైన్యం కాగితాలకు మాత్రం ఆయన గుమాస్తాలను పెట్టి మరీ నకళ్లు రాయించారు. అవి భద్రంగానే ఉన్నాయి. నేనూ, జూన్ 23 నాటి నా తోబుట్టువూ ఆవిడ రాతబల్ల సొరుగు వెనక పడి ఉండబట్టి బతికాం. ఆ బల్ల ఆవిడ మనవరాలు మార్తా పీటర్‌కు చేరితే మేం ఆమె కంటపడ్డాం. జార్జ్‌టౌన్‌లో ఆమె కాపురమున్న ట్యూడర్ ప్లేస్‌లోనే నేను ఇప్పటికీ ఉన్నాను.

కాల్చిందని అమ్మగారిని చరిత్రకారులు నిష్ఠూరమాడితే నేను ఒప్పుకోను. భర్తను దేశానికి ఇచ్చేసిన ఇల్లాలు ఆయన మాటలైనా తనకోసం ఉంచుకుంది. అది ఆవిడ హక్కు.

కానీ ఆ మంటలో పోయినవి ఆ ఇద్దరి మాటలేనా? ఇంటి ఉత్తరాల్లో వంటింటి కబుర్లుంటాయి, కుట్టుపని పురమాయింపులుంటాయి. వాళ్ల ఇల్లు మౌంట్ వెర్నన్‌లో ఆ పనులన్నీ బానిసలవే. బెట్టీ అనే ఆమె అక్కడ బట్టలు కుట్టేది. నాలో రాసిన మస్లిన్‌ను కుట్టింది ఎవరో నాకు తెలియదు. రాయాలని ఎవరికీ తోచలేదు. ఆ బెట్టీ కూతురు ఓనా జడ్జ్ 1796లో అప్పటికి అధ్యక్షుడిగా ఉన్న దొరగారి ఫిలడెల్ఫియా ఇంటినుంచి పారిపోయింది. పట్టి తెప్పించాలని ఆయన ప్రయత్నించినా దొరకలేదు. న్యూహాంప్‌షైర్‌లో ముసలితనం దాకా బతికి, 1840లలో తన కథ తనే పత్రికలవాళ్లకు చెప్పింది. మా ఇంటి సంగతి తెలుసుకోవాలని నన్ను చూడవచ్చేవాళ్లు అది కూడా చదవాలని నా కోరిక.